ఉచిత మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ మొండిచెయ్యి చూపిస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని సొంతంగా పాట రికార్డు చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. కీబోర్డు, తబలా, డప్పు, గొంతు కలిపి ఒక పూర్తి పాట తయారు చెయ్యడానికి రూపాయి పెట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్‌లలో దేని బలం ఏంటి, దేనితో ఇబ్బంది ఏంటి అన్నది ఇక్కడ వివరంగా ఉంది.

ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేస్తే పాట నాణ్యత తగ్గుతుందా?

తగ్గదు. మైకు నుంచి వచ్చిన ధ్వనిని అంకెలుగా మార్చేది ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే పెట్టె), అది లేకపోతే ల్యాప్‌టాప్‌లోని సౌండ్ కార్డు. సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని దాస్తుంది, కూడుతుంది. ఆ కూడికలో ఉచితంగా వచ్చినదానికీ స్టూడియోలో వాడే ఖరీదైనదానికీ తేడా లేదు.

నమ్మకం కుదరకపోతే ఇలా పరీక్షించుకోండి. ఏవైనా నాలుగు వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్లు తీసుకుని, వాటినే రెండు సాఫ్ట్‌వేర్‌లలో పెట్టండి. ఎఫెక్టులు వెయ్యొద్దు, ఫేడర్లన్నీ (ధ్వని పెంచే, తగ్గించే మీటలు) సున్నా డీబీ (డెసిబెల్) దగ్గరే ఉంచండి, 32 బిట్ ఫ్లోట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. వచ్చిన రెండు ఫైళ్లని ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒకదానికి ఇన్వర్ట్ ఎఫెక్ట్ (అలని తలకిందులు చేసేది) వేసి కలిపి వినండి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఏమీ వినిపించకూడదు. సన్నగా పాట వినిపించిందంటే ముందు పాన్ సెట్టింగ్ (ధ్వని ఎడమ, కుడి స్పీకర్లలో ఎటు ఎంత అన్నది) చూడండి. మధ్యలో ఉన్న మోనో ట్రాక్‌ని ఒక సాఫ్ట్‌వేర్ 3 డీబీ తగ్గిస్తుంది, ఇంకొకటి తగ్గించదు. రెండిట్లో ఈ తగ్గింపు నియమాన్ని (‘పాన్ లా’ అంటారు) ఒకటే చేస్తే ఆ మిగులు కూడా పోతుంది.

అసలు తేడా వేరే చోట ఉంది. డబ్బు పెట్టి కొన్నదానితోపాటు మంచి వాయిద్యాల శబ్దాలు, గొంతు శ్రుతి సరిచేసే పనిముట్లు, అడిగితే జవాబిచ్చే మనుషులు వస్తారు. ఉచితంగా తీసుకున్నప్పుడు అవి మీరే వెతికి తెచ్చుకోవాలి. అందుకని దేని సౌండ్ బాగుంటుంది అని వెతకడం దండగ. మీరు చేసే పని ఏంటి, చేసిన పనిని రేపు బయటికి తీసుకెళ్లగలరా, ఈ రెండూ చూసుకుని ఎంచుకోవాలి.

‘ఫ్రీ’ అని రాసి ఉన్నవన్నీ ఒకే రకమా?

కాదు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

మొదటి రకం ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేవి. ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్, ఆర్డోర్ ఈ కోవలోవి. లైసెన్స్ గడువు, అకౌంట్ తలనొప్పి ఉండవు. ఇవ్వాళ దించుకున్న ఇన్‌స్టాలర్‌ని దాచిపెట్టుకుంటే ఇదే కంప్యూటర్‌లో పదేళ్ల తర్వాతా తెరుచుకుంటుంది. ఆర్డోర్ విషయంలో ఒక మెలిక ఉంది. దాని సోర్స్ కోడ్ ఉచితం, లినక్స్ పంపిణీల్లోనూ ఉచితంగానే వస్తుంది. కానీ వాళ్ల సైట్‌లోంచి విండోస్‌కీ మ్యాక్‌కీ తయారుగా ఉన్న ప్రోగ్రామ్ కావాలంటే కొంత సొమ్ము కట్టాలి. ఉచిత డెమోలో పది నిమిషాలయ్యాక ధ్వని ఆగిపోతుంది.

రెండో రకం కంపెనీలు ఉచితంగా ఇచ్చేవి: గ్యారేజ్‌బ్యాండ్, వేవ్‌ఫామ్ ఫ్రీ, ప్రో టూల్స్ ఇంట్రో, కేక్‌వాక్ సోనార్. చక్కగా తీర్చిదిద్ది ఉంటాయి, కానీ పగ్గాలు కంపెనీ చేతిలో ఉంటాయి. కేక్‌వాక్ చరిత్ర చూస్తే ఇది అర్థమవుతుంది. 2017 నవంబరులో గిబ్సన్ సంస్థ కేక్‌వాక్‌ని ఆపేసింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని పూర్తిగా ఉచితం చేసింది. 2023లో దాని స్థానంలో సోనార్ తెస్తామని ప్రకటించింది. 2025లో ఆ సోనార్‌కే ఉచిత స్థాయి ఒకటి వచ్చింది. ఎనిమిదేళ్లలో ఇన్ని మలుపులు! వాడినవాళ్లకి నష్టం జరిగిందని కాదు. అయితే ప్రాజెక్టు ఫైలు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

మూడో రకం ట్రయల్. రీపర్ 60 రోజులు ఏ కత్తిరింపూ లేకుండా నడుస్తుంది. ఆ తర్వాతా తెరుచుకుంటుంది గానీ లైసెన్స్ ప్రకారం కొనాల్సిందే, కాబట్టి దాన్ని ఉచితం అనడం తప్పు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌కి కాలపరిమితి లేదు, పాటని ఎక్స్‌పోర్ట్ చేసుకోనిస్తుంది, సేవ్ కూడా చేస్తుంది. కానీ సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని చేసిన బీటు పొద్దున తెరవబోతే రాలేదంటే కారణం అదే. దీన్ని వాడితే లేచే ముందు ప్రతి ట్రాక్‌నీ విడివిడిగా వేవ్‌గా తీసి పెట్టుకోండి.

ఆడాసిటీ ఒక్కటే సరిపోదా?

గొంతు రికార్డింగు, పాత క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, భజన పాటల లైవ్ రికార్డింగుని కత్తిరించి శుభ్రం చెయ్యడం, కరావోకే మీద పాడటం వరకు నిక్షేపంగా సరిపోతుంది. 2000లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టింది. 2021 నుంచి మ్యూజ్ గ్రూప్ చేతిలో ఉంది. ఆ తర్వాతే బాగా మారింది. 3.2లో ప్లే అవుతుండగానే ఎఫెక్టులు మార్చుకునే వీలు వచ్చింది, 3.4లో బీట్లు, బార్ల గ్రిడ్ వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే పాత పాఠాలు చూసి ‘ఎఫెక్ట్ వేస్తే వెనక్కి తీసుకోలేం’ అనుకుంటారు. అది ఇప్పుడు నిజం కాదు. ట్రాక్ పక్కనున్న ఎఫెక్ట్స్ బటన్ నొక్కి వేసినవి ఎప్పుడైనా తీసెయ్యొచ్చు.

లోటు ఏంటంటే, 3 సిరీస్‌లో మిడీ కీబోర్డు (ధ్వనిని కాకుండా ఏ మీట ఎప్పుడు నొక్కారో పంపేది) పెట్టి వాయిద్యం వాయించడం కుదరదు. కాబట్టి పాట మొత్తాన్ని ఇందులోనే కట్టాలనుకుంటే చుక్కలు కనిపిస్తాయి.

ఇంకో ఇబ్బంది చాలామందిని నీరుగారుస్తుంది. ట్రాక్ వింటూ తాళానికి సరిగ్గానే పాడతారు, తీరా వింటే గొంతు వెనకబడి ఉంటుంది. తప్పు గాయకుడిది కాదు, లేటెన్సీ (కంప్యూటర్‌లో ధ్వనికి పట్టే ఆలస్యం) సర్దుబాటుది. ఆడాసిటీలో దానికి మామూలుగా −130 మిల్లీసెకన్లు పెట్టి ఉంటుంది. అది అందరి కంప్యూటర్లకీ సరిపోదు. ఇలా కొలవండి. జనరేట్ మెనూలో రిథమ్ ట్రాక్ తయారు చెయ్యండి. హెడ్‌ఫోన్ కప్పుని మైకుకి ఆనించి, ఆ టిక్కుటిక్కుని కొత్త ట్రాక్‌లో రికార్డు చెయ్యండి. బాగా జూమ్ చేసి, అసలు టిక్కు మొదలుకీ రికార్డైన టిక్కు మొదలుకీ మధ్య ఎంతుందో సెలెక్ట్ చేసి చూడండి. రికార్డైంది 40 మిల్లీసెకన్లు వెనక ఉంటే, ప్రిఫరెన్సెస్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్‌ని −130 నుంచి −170కి మార్చండి. ముందుకి వచ్చి ఉంటే ఆ మేరకు సున్నా వైపు జరపండి. ఇంటర్‌ఫేస్ మార్చినా, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్క సైజు) మార్చినా మళ్లీ కొలవాలి.

ఎల్ఎంఎంఎస్‌లో బీటు బాగా వస్తోంది. గొంతు రికార్డ్ బటన్ ఎక్కడుంది?

లేదు. స్థిరమైన 1.2 వెర్షన్‌లో మైకు నుంచి ఆడియో రికార్డు చేసే వీలే లేదు. అది తెలియక గంటలు వెతుకుతారు.

బీటు, బేసు, సింథ్ (శబ్దాన్ని కృత్రిమంగా పుట్టించే వాయిద్యం) లైన్లు కట్టడానికి మాత్రం దీనంత సులువైన ఉచిత పనిముట్టు అరుదు. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ లాంటి బలమైన సింథ్ అందులోనే ఉంది. సౌండ్‌ఫాంట్ ఫైళ్లు (వాయిద్యాల శబ్దాలు నింపినవి) నేరుగా తెరుస్తుంది. పాత కంప్యూటర్ల మీదా నడుస్తుంది. కాబట్టి పనిని రెండుగా విడగొట్టండి: సంగీతం ఎల్ఎంఎంఎస్‌లో, గొంతు వేరే దాంట్లో. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ట్రాక్స్ నొక్కితే ఒక్కో ట్రాక్ ఒక్కో వేవ్‌గా వస్తుంది. అన్నీ ఒకేచోట మొదలవుతాయి కాబట్టి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో సున్నా దగ్గర పెడితే చాలు, కలిసిపోతాయి.

ఇక్కడ జరిగే పొరపాటు టెంపోది. ఎల్ఎంఎంఎస్‌లో కొత్త ప్రాజెక్టు 140 బీపీఎంతో (నిమిషానికి 140 బీట్లు) తెరుచుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్‌లు 120తో తెరుచుకుంటాయి. టెంపో సరిచెయ్యకుండా రెండోదాంట్లో మెట్రోనోమ్ (లయ చూపే టిక్కుటిక్కు) వేసుకుని కోరస్ పాడితే ఏదీ దేనితోనూ కలవదు. ఫైలు పేరులోనే టెంపో రాసేయండి: ‘పల్లవి_డప్పు_96బీపీఎం’ అన్నట్టు. అసలు ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచడం మంచిది. ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే తడబడే పాత ప్లగిన్‌లు (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే అదనపు పనిముట్లు) కొన్ని ఉన్నాయి.

గొంతూ వాయిద్యాలూ ఒకేచోట చెయ్యాలి. విండోస్‌కి ఏది?

మేమైతే వేవ్‌ఫామ్ ఫ్రీ పేరు ముందు చెబుతాం. ట్రాకుల సంఖ్యకి పరిమితి లేదు, ఎక్కువగా దొరికే వీఎస్‌టీ రకం ప్లగిన్‌లు తీసుకుంటుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిటి మీదా నడుస్తుంది. మిగతావాటిలా మిక్సర్ కోసం ఇంకో కిటికీ తెరవక్కర్లేదు. ఒకే తెర మీద ఎడమ నుంచి కుడికి ఇన్‌పుట్, ట్రాక్, ప్లగిన్‌లు, ఫేడరు వరసగా ఉంటాయి. వేరే సాఫ్ట్‌వేర్ అలవాటున్నవాళ్లకి మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే హాయి. లోటల్లా, దీని మీద తెలుగులో పాఠాలు వెతికి పట్టుకోవడం కష్టం. ఇరుక్కుంటే ఇంగ్లీషు మాన్యువలే గతి.

సోనార్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, అకౌంట్‌తో లాగిన్ కావాలి. మిక్సర్ విశాలంగా ఉంటుంది. కచేరీ లాంటి చాలా ట్రాకుల పనికి ఒదుగుతుంది. ఇంటర్నెట్ సరిగ్గా లేని ఊళ్లో ఉంటే ఈ లాగిన్ సంగతి ముందే ఆలోచించుకోండి.

ప్రో టూల్స్ ఇంట్రోలో 8 ఆడియో, 8 ఇన్‌స్ట్రుమెంట్, 8 మిడీ ట్రాకులు మాత్రమే ఇస్తారు. ఎనిమిది చాలనిపిస్తుంది. లెక్కేసి చూడండి: అసలు గొంతు ఒకటి, చరణంలో దాన్ని రెట్టించినవి ఎడమా కుడీ రెండు, కోరస్ రెండు, తబలాకి రెండు మైకులు, డప్పు ఒకటి. అయిపోయాయి. ఫ్లూట్‌కి చోటు లేదు. పైగా అది ఏఏఎక్స్ అనే వేరే రకం ప్లగిన్‌లనే తీసుకుంటుంది, మీరు పోగేసుకున్న వీఎస్‌టీలు అందులో పనిచెయ్యవు. సినిమా స్టూడియోల్లో పనికి వెళ్లాలనుకునేవాళ్లు కీబోర్డు షార్ట్‌కట్లు అలవాటు చేసుకోవడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

మ్యాక్ ఉంది. గ్యారేజ్‌బ్యాండ్ చాలా?

చాలు. 2004 నుంచి ఉన్న గ్యారేజ్‌బ్యాండ్‌లో డ్రమ్మర్ ట్రాకులు, పియానో, స్ట్రింగ్స్ శబ్దాలు మిగతా ఉచిత సాఫ్ట్‌వేర్‌లకి అందనంత బాగుంటాయి. ఐఫోన్‌లో మొదలుపెట్టిన పాటని మ్యాక్‌లో కొనసాగించొచ్చు. తర్వాత లాజిక్ ప్రో కొంటే ప్రాజెక్టు అలాగే తెరుచుకుంటుంది.

అడ్డం వచ్చేవి మూడు. పాట మధ్యలో టైమ్ సిగ్నేచర్ మార్చలేం. రాసిన మిడీని ఫైలుగా నేరుగా బయటికి తియ్యలేం. ఆడియో యూనిట్స్ అనే ఆపిల్ రకం ప్లగిన్‌లు తప్ప వీఎస్‌టీలు తీసుకోదు. పల్లవి ఒక తాళంలో, చరణం ఇంకో తాళంలో ఉన్న పాట చెయ్యాలంటే మొదటిది బాగా ఏడిపిస్తుంది.

హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ మారిస్తే పోతుందా?

పోదు. అది బఫర్, డ్రైవర్ వల్ల వచ్చేది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48,000 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు) దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7, 256 అంటే 5.3, 128 అంటే 2.7. ఇది ఒక దిక్కుకే. లోపలికి రావడానికీ బయటికి వెళ్లడానికీ కలిపి రెట్టింపు, దాని మీద డ్రైవర్ వాటా కొంత. మొత్తం పది, పన్నెండు దాటితే చాలామంది గాయకులకి తెలిసిపోతుంది.

ఇంటర్‌ఫేస్ ఉంటే దాని తయారీదారు ఇచ్చిన ఏషియో (ఆలస్యం తగ్గించే రకం) డ్రైవరే వెయ్యండి. ఏషియో4ఆల్ లాంటివి ల్యాప్‌టాప్ సౌండ్ కార్డుకి పనికొస్తాయి గానీ, సొంత డ్రైవరున్న ఇంటర్‌ఫేస్‌కి అవసరం లేదు. రికార్డింగప్పుడు 128 లేదా 256 పెట్టుకుని, మిక్సింగప్పుడు 1024కి మార్చుకోండి. ప్లగిన్‌లు పెరిగాక చిన్న బఫర్ మీద చిటపటలు వస్తాయి. అన్నిటికన్నా సులువు ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ బటన్. అది నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికొస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని ఇన్‌పుట్ మానిటర్‌ని ఆపెయ్యాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో రికార్డు చెయ్యొద్దు. వాటి ఆలస్యాన్ని ఏ సెట్టింగూ సరిచెయ్యలేదు.

వీణ, నాదస్వరం, మృదంగం, డప్పు శబ్దాలు ఉచితంగా దొరుకుతాయా?

ఉచిత సాఫ్ట్‌వేర్ అసలు బలహీనత ఇదే. కీబోర్డులూ సాఫ్ట్‌వేర్‌లూ ఉమ్మడిగా పాటించే జనరల్ మిడీ జాబితాలో ఉన్న 128 వాయిద్యాల్లో మనవి అనదగ్గవి రెండే: 105 సితార్, 112 షెహనాయ్. వీణ లేదు, నాదస్వరం లేదు. డ్రమ్ కిట్‌లో మృదంగం లేదు, డప్పు లేదు. మామూలు సౌండ్‌ఫాంట్లన్నీ ఆ జాబితానే అనుసరిస్తాయి. షెహనాయ్‌తో నాదస్వరం పని కానిద్దామంటే పెళ్లి మేళం విన్న ఏ చెవీ ఒప్పుకోదు.

పియానో, స్ట్రింగ్స్, ప్యాడ్‌లకి దిగుల్లేదు. స్పిట్‌ఫైర్ ల్యాబ్స్, డీసెంట్ శాంప్లర్, ఎస్ఎఫ్‌జెడ్ ఫైళ్లు తెరిచే స్ఫోర్జాండో, సింథ్‌లలో వైటల్, సర్జ్ ఎక్స్‌టీ ఉన్నాయి. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ లాంటివి ఖరీదైనవాటి పక్కన నిలబడతాయి.

డప్పుకి మాత్రం శాంపిళ్ల (ముందే రికార్డు చేసి పెట్టిన శబ్దాల) కోసం వెతక్కండి, రికార్డు చెయ్యండి. తెలిసిన డప్పు కళాకారుడికి పారితోషికం ఇచ్చి గంటసేపు వాయించమనండి, అది ఏ లైబ్రరీ కన్నా మేలు. డప్పుని కాచుకున్నాక, సాగిన చర్మం బిగిసినప్పుడు వెంటనే మొదలుపెట్టాలి. చల్లబడేకొద్దీ శ్రుతి దిగిపోతుంది, ముందు తీసిన టేకుకీ తర్వాతి టేకుకీ కలవదు. మైకుని మీటరు దూరంలో, డప్పు ముఖానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టండి. మీటర్ మీద గట్టి దెబ్బ −12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు స్థాయి) తగ్గించుకోండి. పుల్ల దెబ్బ తాకే మొదటి క్షణం మామూలు స్థాయి కన్నా చాలా ఎత్తుకి లేస్తుంది. −3 దగ్గర పెట్టుకుంటే జోరందుకోగానే పగిలిపోతుంది. ఆ పగులుని ఏ ప్లగినూ అతకలేదు.

కీబోర్డు మీద గమకం పలకడం లేదు. ఏం చెయ్యాలి?

పిచ్ బెండ్ (వీల్ తిప్పి స్వరాన్ని వంచడం) పరిధి మామూలుగా రెండు సెమీటోన్లే (కీబోర్డు మీద పక్కపక్క మీటల మధ్య దూరం ఒక సెమీటోన్) ఉంటుంది. వాయిద్యం సెట్టింగ్‌లో దాన్ని 5 లేదా 7కి పెంచి వీల్‌తో సాధన చెయ్యండి. పన్నెండు పెడితే వీల్ కాస్త కదిలినా స్వరం ఎగిరిపోతుంది.

ఎల్ఎంఎంఎస్‌లో ఇంకా మంచి దారి ఉంది. పియానో రోల్‌లో (స్వరాలు గీసే కిటికీ) షిఫ్ట్, టీ కలిపి నొక్కితే ఒక్కో స్వరాన్నీ విడిగా వంచే మోడ్ వస్తుంది. ఒక స్వరం మీద నొక్కితే ఆ స్వరానికి మాత్రమే శ్రుతి వంపు గీసుకునే కిటికీ తెరుచుకుంటుంది. ఊగే గాంధారాన్ని కింది స్వరం నుంచి పైస్వరం దాకా గీత గీసి చూపించొచ్చు. గీతలో మూలలు లేకుండా నునుపు వంపు ఎంచుకోండి, లేకపోతే సైరన్‌లా వినిపిస్తుంది. ఒక ఆవర్తనానికి అరగంట పడుతుంది. కానీ ఏ డబ్బూ పెట్టకుండా ఇంత సూక్ష్మంగా పనిచెయ్యనిచ్చే పనిముట్టు దొరకడం చిన్న విషయం కాదు.

కీబోర్డులోని సమాన అంతరాలు కాకుండా వేరే శ్రుతి అంతరాలు కావాలనుకునేవాళ్లకి సర్జ్ ఎక్స్‌టీ, జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ రెండూ స్కాలా ఫైళ్లు (శ్రుతి అంతరాలు రాసి ఉండేవి) తీసుకుంటాయి.

మిశ్రచాపు, ఖండచాపు ఎలా పెట్టాలి? పద్యం సంగతేంటి?

మిశ్రచాపుకి 7/8, ఖండచాపుకి 5/8. బీపీఎం క్వార్టర్ నోట్‌ని (7/8లో రెండు దెబ్బల నిడివి) లెక్కిస్తుందన్నది గుర్తుంచుకోండి. 120 దగ్గర 7/8 ఆవర్తనం 1.75 సెకన్లలో అయిపోతుంది. మెట్రోనోమ్ మొదటి దెబ్బ తప్ప మిగతావన్నీ ఒకేలా కొడుతుంది కాబట్టి పాడేవాళ్లు దారి తప్పుతారు. 3+4 విరుపు వినపడేలా రెండు వేర్వేరు శబ్దాలతో ఒక ఆవర్తనం చేసి లూప్ పెట్టండి, అదే వింటూ పాడండి.

రంగస్థల పద్యానికీ రాగాలాపనకీ మెట్రోనోమ్ పనికిరాదు. గ్రిడ్ ఆపేసి, గ్రిడ్‌కి అతికించే స్నాప్ తీసేసి, శ్రుతి ఒక్కటే చెవిలో పెట్టుకుని రికార్డు చెయ్యండి. హార్మోనియం తర్వాత కలపాలనుకుంటే పద్యం విని వాయించాలి. పద్యాన్ని హార్మోనియానికి సర్దితే ప్రాణం పోతుంది.

ఉచిత ఆటోట్యూన్ ఉందా?

ఉంది. గొంతు శ్రుతిని సరిచేసే ఎంఆటోపిచ్, గ్రైలన్ ఉచిత ఎడిషన్. ముందు శ్రుతి సరిగ్గా పెట్టాలి: ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్. తర్వాత పాటలో వచ్చే స్వరాలు మాత్రమే ఉంచి మిగతావి ఆపెయ్యండి.

సరిచేసే వేగం ఎక్కువ పెడితే గమకాలన్నీ మెట్లుగా తెగిపోతాయి. తోడి రాగంలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపుని సాఫ్ట్‌వేర్ తప్పుగా లెక్కేసి మూడు ముక్కలు చేస్తుంది. శాస్త్రీయ ఛాయ ఉన్న పాటకి దీన్ని ట్రాకంతా వెయ్యొద్దు. తేలిపోయిన నిలకడ స్వరాన్ని ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి, ఆడాసిటీ ఛేంజ్ పిచ్‌లో 0.2 సెమీటోన్ పైకో కిందకో జరపండి. అంతకన్నా ఎక్కువ జరపాల్సి వస్తే ఆ లైను మళ్లీ పాడటమే మేలు.

ఫ్యాన్ చప్పుడు, గుయ్‌మనే హమ్ పోవడం లేదు.

ఫ్యాను ఆపి రికార్డు చెయ్యడమే మొదటి మందు. ఎండాకాలం కష్టమే, అందుకే పాటని ముక్కలుగా తియ్యండి. హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోతే ఎర్త్ సరిగ్గా లేదన్నమాట, బ్యాటరీ మీద రికార్డు చెయ్యండి.

మిగిలినదానికి ఆడాసిటీ నాయిస్ రిడక్షన్ ఉంది. ప్రతి టేకుకీ ముందు ఐదు సెకన్లు కదలకుండా ఖాళీగా రికార్డు చెయ్యండి. ఆ ఖాళీని సెలెక్ట్ చేసి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. తర్వాత ట్రాకంతా సెలెక్ట్ చేసి 6 నుంచి 9 డీబీ తగ్గించండి. ఒకేసారి 20, 24 పెడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. నాయిస్ ప్రొఫైల్‌లో తంబుర ఉండకూడదు, ఉంటే తంబురనే తుడిచేస్తుంది.

దీనికి చుట్టమే ఇంకోటి ఉంది. విండోస్‌లో మైకు ఎన్‌హాన్స్‌మెంట్స్, నాయిస్ సప్రెషన్ ఆన్‌లో ఉంటే ఎడతెగని శ్రుతిని అది చప్పుడు అనుకుని అణిచేస్తుంది. హార్మోనియం మొదటి రెండు సెకన్లు బాగా వచ్చి తర్వాత సన్నబడుతోందంటే అనుమానించాల్సింది దీన్నే. సౌండ్ సెట్టింగ్స్‌లో ఆపెయ్యండి.

నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. కరెంటు పోతుంటుంది. కుదురుతుందా?

ఆడియో ట్రాకులకి కుదురుతుంది. పెద్ద శాంపిల్ వాయిద్యాలకి కష్టం. ఒక వాయిద్యం వాయించడం అయిపోగానే దాన్ని ఆడియోగా మార్చి ప్లగిన్ తీసెయ్యండి. మిడీ కాపీ మాత్రం ఉంచుకోండి.

డిస్కు లెక్క: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. ఐదు నిమిషాల పాట, పది ట్రాకులు అంటే 432 ఎంబీ. ప్రతిదానికీ మూడు టేకులు తీస్తే 1.3 జీబీ. పెన్‌డ్రైవ్ మీదకి నేరుగా రికార్డు చెయ్యొద్దు, మధ్యలో తెగుతుంది. కరెంటు పోయి ఆడాసిటీ ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు రికవర్ చెయ్యమంటారా అని అడుగుతుంది. కంగారులో డిస్కార్డ్ నొక్కారంటే పని పోయినట్టే.

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన పాట అమ్ముకోవచ్చా?

అమ్ముకోవచ్చు. ఓపెన్ సోర్స్ లైసెన్స్ సాఫ్ట్‌వేర్‌కి వర్తిస్తుంది, మీ పాటకి కాదు. చూసుకోవాల్సింది శాంపిళ్ల లైసెన్స్. ‘నాన్ కమర్షియల్’ అని ఉన్న సౌండ్‌ఫాంట్‌తో చేసిన పాటని అమ్మకూడదు. గ్యారేజ్‌బ్యాండ్ లూప్‌లు మీ పాటలో వాడొచ్చు, లూప్‌గానే విడిగా అమ్మకూడదు. అదే లూప్ వాడిన ఇంకొకరు తమ పాటని ముందే నమోదు చేసి ఉంటే యూట్యూబ్‌లో మీ మీద క్లెయిమ్ రావచ్చు. లూప్‌ని కత్తిరించి, మీ వాయిద్యంతో కలిపి వాడితే ఆ బెడద తగ్గుతుంది. ఇక సినిమా పాటని మళ్లీ పాడితే సాఫ్ట్‌వేర్ ఏదైనా హక్కుదారుల అనుమతి సంగతి వేరేగా ఉంటుంది.

నా పాట యూట్యూబ్‌లో మిగతావాటి కన్నా సన్నగా వినిపిస్తోంది.

ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వేసి ఉంటే సంఖ్య చూడండి. మామూలుగా −23 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా తోస్తుందో కొలిచే లెక్క) ఉంటుంది, అది టీవీ ప్రసారాల లెక్క. పాటకి −14 పెట్టండి. ఆ తర్వాత లిమిటర్ (ధ్వనిని హద్దు దాటనివ్వనిది) −1 డీబీ దగ్గర వెయ్యండి. −14 కన్నా గట్టిగా చేస్తే యూట్యూబే తగ్గిస్తుంది, తక్కువగా ఉంటే పెంచదు. కొలవడానికి యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ చాలు.

ఎప్పుడు డబ్బు పెట్టాలి?

మొదటి ఖర్చు సాఫ్ట్‌వేర్ మీద పెట్టొద్దు. మైకు, రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్, చెవులు మూసే హెడ్‌ఫోన్స్, కిటికీకి మందం దుప్పటి, ఈ వరసలో పెట్టండి. కొత్త ఇంటర్‌ఫేస్‌లతో తరచూ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చిన్న ఎడిషన్ కోడ్ కూడా వస్తుంది, పెట్టె పారేసే ముందు చూసుకోండి. ఆ తర్వాత రీపర్ 60 డాలర్ల లైసెన్స్ ఆలోచించొచ్చు. వ్యక్తిగతంగా వాడుకునేవాళ్లకీ, ఏడాది ఆదాయం 20,000 డాలర్లు దాటని వ్యాపారాలకీ ఆ ధర, మిగతావాళ్లకి 225. క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లొద్దు. వైరస్ ఒక్కటే కాదు, పాట సగంలో ఉండగా అప్‌డేట్ వచ్చి తెరుచుకోకపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాటని ఎలా మార్చాలి?

ఒకదాని ప్రాజెక్టు ఫైలు ఇంకోదాంట్లో తెరుచుకోదని అనుకునే పని చెయ్యండి. పాట పూర్తయిన రోజే ఈ నాలుగూ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ప్రతి ట్రాకూ మొదటి బార్ నుంచి చివరిదాకా, మధ్యలో ఖాళీ ఉన్నా సరే, 24 బిట్ వేవ్‌గా. అదే ట్రాక్ ఎఫెక్టులు లేకుండా ఇంకో కాపీ. మిడీ ఫైళ్లు. టెంపో, శ్రుతి, తాళం, శాంపిల్ రేటు రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు.

కొత్తదాంట్లో తెరిచేటప్పుడు శాంపిల్ రేటు ముందు చూడండి. 44.1లో తీసిన ఫైలుని 48 అనుకుని ప్లే చేస్తే వేగం సుమారు 9 శాతం పెరుగుతుంది, శ్రుతి దాదాపు సెమీటోన్నర పైకెళుతుంది. పాట ఎందుకో హడావిడిగా ఉంది, గొంతు చిన్నపిల్లల గొంతులా ఉంది అనిపిస్తే వెంటనే ప్రాజెక్టు సెట్టింగ్స్ తెరిచి ఆ సంఖ్య సరిచెయ్యండి.